ఆ పద్నాలుగు యూనిట్లు: మా ఇంటి కరెంట్ డైరీ

మార్చి 9, 2025, ఆదివారం

పొద్దున కరెంట్ బిల్లు కొట్టే అబ్బాయి వచ్చి పోయాడు. చీటీ చేతిలోకి తీసుకుని చూస్తే 214 యూనిట్లు. ఫిబ్రవరి నెల, ఇంకా ఏసీ కవర్ కూడా తీయలేదు, కూలర్ అటక మీదే ఉంది, మరి 214 ఎక్కడినుంచి వచ్చాయి? పోయిన ఏడాది ఇదే నెల బిల్లు బాపు ఫైల్లో దొరికింది, 171. ఇంట్లో మనుషులు వాళ్లే, సామాన్లు అవే, కొత్తగా కొన్నది ఒక మిక్సీ.

యూనిట్లు కొంచెం ఎక్కువైతే ఏమైంది అనుకునేవాళ్ల కోసం ఒక లెక్క రాస్తున్నా, ఇది మా హనుమకొండ లెక్క, అంటే తెలంగాణ అంతా ఇదే. నెలకు 100 దాటి 200 లోపు ఉంటే మొదటి 100కి యూనిట్ 3.40, తర్వాతి 100కి 4.80. సరిగ్గా 200 కాలిస్తే 820 రూపాయలు. ఇక 201 అయ్యిందనుకో, అప్పుడు మొదటి నుంచీ రేటు మారిపోతుంది, 200 యూనిట్లకీ 5.10 చొప్పున 1020, దాని మీద ఆ ఒక్క యూనిట్‌కి 7.70. మొత్తం 1027.70. ఒక్క యూనిట్ కోసం 207 రూపాయల 70 పైసలు! ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, యూనిట్‌కి ఆరు పైసల డ్యూటీ ఇవన్నీ వేరే, నేను ఈ డైరీలో ఎనర్జీ ఛార్జీ ఒక్కటే రాస్తా.

మాకు 214 కాబట్టి 1127.80. అంటే 200 దాటిన ఆ పద్నాలుగు యూనిట్లకి మేం కట్టింది 307.80, యూనిట్‌కి దాదాపు 22 రూపాయలు. విజయవాడలో ఉండే మా బావమరిదికి ఫోన్ చేసి చెప్తే "మాకు అట్లా దూకుడు లేదు బావా, 2022 నుంచి స్లాబ్ ప్రకారం మెల్లగా ఎక్కుద్ది అంతే, 201వ యూనిట్‌కి ఆరు రూపాయలే, కాకపోతే పాత ఏళ్ల ఖర్చుల కింద ట్రూ అప్ అని ఇంకోటి వేస్తారులే" అన్నాడు. ఎవరి బాధ వాళ్లది.

సరే, టార్గెట్ పెట్టుకున్నా. నెలకు 200 అంటే రోజుకి 6.6. ఇవాళ్టి నుంచి రోజూ పొద్దున ఆరింటికి మీటర్ రీడింగ్ రాయాలి. నోట్‌బుక్ ఒకటి మీటర్ బాక్స్ పక్కనే దారంతో కట్టి వేలాడదీశా, పెన్ను మాత్రం మా చిన్నోడు రెండు గంటల్లోనే ఎత్తుకుపోయాడు.

మార్చి 13

నాలుగు రోజుల లెక్క: 7.4, 7.1, 7.9, 7.3. అంటే ఫిబ్రవరిలో ఎట్లా కాలిందో అట్లాగే కాలుతోంది.

రోజుకి ఒక్క నంబర్ చూస్తే ఏం అర్థం కాదు, ఏ టైమ్‌లో కాలుతోందో తెలియాలి. మీటర్ మీద ఎర్ర లైట్ టిక్కు టిక్కుమని కొట్టుకుంటుంది కదా, దాని పక్కన చిన్న అక్షరాల్లో 3200 అని ఉంటుంది (కొన్ని మీటర్లకి 1600 ఉంటుంది, చూసుకోండి). అంటే 3200 సార్లు కొడితే ఒక యూనిట్. దీన్ని తిప్పి రాస్తే చాలా సులువు: ఒక టిక్కుకీ ఇంకో టిక్కుకీ మధ్య ఎన్ని సెకన్లో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడాలి, మా 3200 మీటర్‌కైతే 1125ని ఆ సెకన్లతో భాగిస్తే ఆ క్షణంలో ఇల్లు ఎన్ని వాట్లు లాగుతోందో వచ్చేస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు, సామాను లేదు, నాకు ఈ ముప్పై ఎనిమిదేళ్లలో ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం రెండింటికి ఇంట్లో అందరూ పడుకున్నాక ఫ్యాన్లు కూడా ఐదు నిమిషాలు ఆపించి (తిట్లు తిన్నా), ఫ్రిజ్ కంప్రెసర్ ఆగిన టైమ్ చూసుకుని మీటర్ ముందు నిలబడ్డా. టిక్కుకీ టిక్కుకీ మధ్య ఏడున్నర సెకన్లు. అంటే 150 వాట్లు. లైట్ లేదు, ఫ్యాన్ లేదు, టీవీ లేదు, ఫ్రిజ్ లేదు, ఐనా 150 వాట్లు!

150 వాట్లు అంటే చిన్నగా అనిపిస్తుంది గానీ అది ఇరవై నాలుగు గంటలు, ముప్పై రోజులు. రోజుకి 3.6, నెలకు 108 యూనిట్లు. మా కోటాలో సగం కంటే ఎక్కువ ఎవరూ ఏ స్విచ్చూ వేయకుండానే పోతోంది. ఇన్నేళ్లూ బాత్రూం లైట్ మర్చిపోయినందుకు పిల్లల్ని అరిచిన అరుపులు గుర్తొచ్చాయి, ఆ లైట్ 9 వాట్లు.

మార్చి 16, ఆదివారం

ఈ రోజు జరిగింది కొంచెం వివరంగా రాయాలి.

పొద్దున్నే ఎంసీబీలు (గదికొకటి చొప్పున కరెంట్ ఆపే స్విచ్చులు) ఒక్కొక్కటే దించుకుంటూ పోయా. ఒకటి దించడం, బయటికి పరుగెత్తి టిక్కులు లెక్కపెట్టడం, రాసుకోవడం. హాలు ఎంసీబీ దించితే కొంచెం తగ్గింది, సెట్ టాప్ బాక్స్, వైఫై రౌటర్ అక్కడే ఉన్నాయి. ఇన్వర్టర్ ఎంసీబీ దించితే బాగా తగ్గింది, దాని సంగతి తర్వాత. వంటింటిది, బెడ్‌రూములది, మోటర్‌ది అన్నీ దించేశా. మొత్తం ఎంసీబీలు కిందికి ఉన్నాయి, ఇంట్లోకి కరెంట్ పోయే దారే లేదు. బయటికి వచ్చి చూస్తే మీటర్ కొడుతూనే ఉంది. పదహారు సెకన్లకి ఒకసారి. డెబ్బై వాట్లు.

మొదట నా కళ్లని నమ్మలేదు. మళ్లీ లెక్కపెట్టా. అప్పుడు కనిపించింది, టిక్కు లైటు పక్కన ఇంకో చిన్న లైటు, ఎర్త్ అని రాసుంది, అది కదలకుండా వెలుగుతోంది. ఇన్ని రోజులు అది ఎప్పుడూ వెలిగేదే అనుకున్నాం, దేవుడి గదిలో జీరో బల్బు లాగా.

బాపు బయటికొచ్చి "మీటరే పాడైనట్టుందిరా, ఆఫీసుల రాసియ్యి" అన్నాడు. ఆగు బాపు అని చెప్పి చివరి ప్రయత్నంగా మెయిన్ దించేశా. మాది పాత రకం డబుల్ పోల్ మెయిన్, దించితే ఫేజూ (కరెంట్ వచ్చే తీగ) న్యూట్రలూ (తిరిగి పోయే తీగ) రెండూ తెగిపోతాయి. దించానో లేదో పై పోర్షన్ నుంచి అక్క కేక:

"తమ్మీ, మీకు గూడ కరెంట్ పోయిందా? మాకు హాల్ల ఫ్యాన్ ఒక్కటే ఆగింది, వంటింట్ల ఉన్నది!"

పై పోర్షన్‌కి వేరే మీటర్. వేరే సర్వీస్ నంబర్. మా మెయిన్‌కీ వాళ్ల ఫ్యాన్‌కీ సంబంధం ఉండకూడదు. మెయిన్ ఎత్తా, ఫ్యాన్ తిరిగింది. దించా, ఆగింది. అక్క పైనుంచి "ఒచ్చింది... పోయింది... మల్ల ఒచ్చింది" అని కామెంటరీ. "ఫ్యాను బంద్ జెయ్యక్కా ఒక్కసారి" అన్నా. ఆవిడ స్విచ్ ఆపగానే మా మీటర్ మీద ఎర్త్ లైటు ఆరిపోయింది, టిక్కు నిలిచిపోయింది.

మార్చి 17

ఎలక్ట్రీషియన్ అన్న వచ్చి మెట్ల దగ్గర జంక్షన్ బాక్స్ విప్పి రెండు నిమిషాల్లో చూపించాడు. పోయిన నవంబర్‌లో పై హాల్లో కొత్త ఫ్యాన్ పాయింట్, ట్యూబ్‌లైట్ పాయింట్ తీయించాం. అప్పుడు చేసినతను ఫేజు వాళ్ల లైన్ నుంచే తీసుకున్నాడు గానీ న్యూట్రల్ మాత్రం ఆ బాక్స్‌లో దగ్గరగా ఏది దొరికితే దానికి కలిపేశాడు, అది మాది. వీళ్ల భాషలో కామన్ న్యూట్రల్.

మరి ఫేజు వాళ్లది అయినప్పుడు మాకెందుకు యూనిట్లు పడ్డాయి అని నాకు రాత్రంతా డౌటే. సంగతేంటంటే మన ఇళ్లల్లో ఈ సింగిల్ ఫేజ్ మీటర్లు ఫేజులో పోయే కరెంట్‌నీ, న్యూట్రల్‌లో వచ్చే కరెంట్‌నీ రెండింటినీ కొలుస్తాయి, రెండూ సమానంగా లేకపోతే ఎర్త్ లైటు వేసి, ఏది ఎక్కువైతే దాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలిపి దొంగతనం చేసేవాళ్లను పట్టుకోడానికి పెట్టిన ఏర్పాటు ఇది. కాబట్టి పైవాళ్ల ఫ్యాన్ కరెంట్ వాళ్ల మీటర్‌లో ఫేజు మీద ఒకసారి, మా మీటర్‌లో న్యూట్రల్ మీద ఇంకోసారి, రెండు చోట్లా పడింది. దొంగ లేడు, కానీ ఒక్క ఫ్యాన్ రెండు బిల్లుల్లో తిరిగింది.

ఇంకో తమాషా, పైవాళ్లకి తెల్ల రేషన్ కార్డుంది, 2024 ఫిబ్రవరి 27న మొదలైన గృహజ్యోతి అనే రాష్ట్ర ప్రభుత్వ పథకంలో 200 లోపు జీరో బిల్లు వస్తుంది. వాళ్ల ఫ్యాన్‌కి వాళ్లు రూపాయి కట్టలేదు, మేం కట్టాం. అక్క పాపం చాలా బాధపడింది, "మాకేం తెలుసు తమ్మీ" అని సాయంత్రం సర్వపిండి పంపింది. తప్పు మాదే, పని చేయించింది మేమే కదా.

న్యూట్రల్ విడదీసి వాళ్ల లైన్‌కి కలిపి 600 తీసుకున్నాడు. ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఇది స్టాప్‌వాచ్ పట్టుకున్నంత ఈజీ పని కాదు. మన మెయిన్ దించేసి సేఫ్ అనుకుని న్యూట్రల్ ముట్టుకుంటే పైవాళ్ల ఫ్యాన్ గుండా ఫేజు తిరిగి ఆ వైరులోకే వచ్చి కూర్చుని ఉంటుంది. నేను ఆదివారం టెస్టర్ పెట్టి చూస్తే మెయిన్ దించాక కూడా న్యూట్రల్‌లో వెలిగింది, అక్కడే స్క్రూడ్రైవర్ కింద పెట్టేశా.

రాత్రి కొలత: 14 సెకన్లు. 80 వాట్లు.

మార్చి 23

మిగిలిన 80లో పెద్ద వాటా ఇన్వర్టర్‌ది. 16 ఆంప్స్ స్మార్ట్ ప్లగ్ ఒకటి తెప్పించా, 1100 పడింది, ఎంత లాగుతోందో ఫోన్‌లో చూపిస్తుంది. ఇన్వర్టర్‌ని దీని గుండా పెట్టా. ఒక జాగ్రత్త ఏంటంటే కరెంట్ ఉన్నప్పుడు ఇన్వర్టర్ లైన్‌లోని ఫ్యాన్లు, లైట్లు కూడా దాని గుండానే పోతాయి, అందుకని అవన్నీ ఆపి చూస్తే ఇన్వర్టర్ వట్టిగా తినేది తెలుస్తుంది. 46 వాట్లు. బ్యాటరీ నిండే ఉంది, ఐనా 46.

బ్యాటరీ మూతలు తీసి చూస్తే ఆరు సెల్స్‌లో రెండింట్లో నీళ్లు అడుక్కి పోయాయి. డిస్టిల్డ్ వాటర్ పోసి, టెర్మినల్స్ మీద పేరుకున్న తెల్ల బూజు వేడినీళ్లతో కడిగి వాజలిన్ రాశా. మర్నాటికి 31కి దిగింది. బ్యాటరీకి నాలుగున్నరేళ్లు, ఇంకెంత దిగుతుంది పాపం.

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

మార్చి 30, ఉగాది

తెలివి ఎక్కువైతే ఏమవుతుందో ఇవాళ తెలిసింది.

స్మార్ట్ ప్లగ్‌లో టైమర్ ఉంది కదా, బ్యాటరీ నిండాక రాత్రంతా ఛార్జింగ్ ఎందుకు అని సోమవారం నుంచి రాత్రి పన్నెండింటికి ఆగి పొద్దున ఐదింటికి వచ్చేలా పెట్టా. ఐదు గంటలు, 31 వాట్లు, రోజుకి 0.15 యూనిట్ మిగులు. ఎవరికీ చెప్పలేదు, బిల్లు చూపించి షాక్ ఇద్దామని.

ఇవాళ పొద్దున ఐదూ నలభైకి కరెంట్ పోయింది. అమ్మ అప్పటికే భక్షాల కోసం పప్పు ఉడకేసింది. పది నిమిషాల్లో ఇన్వర్టర్ కుయ్‌కుయ్‌మని అరిచి ఆగిపోయింది. చీకట్లో పొయ్యి ముందు ఫ్యాన్ లేకుండా అమ్మ, పక్కన టార్చ్ పట్టుకుని నేను. "మొన్ననే నీళ్లు వోసినవ్ గదరా, అన్ని ఖరాబ్ జేస్తవ్" అంది.

తీరిగ్గా ప్లగ్ గ్రాఫ్ చూస్తే విషయం అర్థమైంది. ఇన్వర్టర్ ప్లగ్ ఆపేస్తే ఛార్జింగ్ ఆగుతుంది నిజమే, కానీ దాని దృష్టిలో అది కరెంట్ పోవడమే! పన్నెండింటికి నేను ప్లగ్ కట్ చేయగానే అది బ్యాటరీ మీదికి మారిపోయి మూడు ఫ్యాన్లని ఐదు గంటలు నడిపింది, దాదాపు ఒక యూనిట్. పొద్దున ఐదింటికి ప్లగ్ రాగానే మళ్లీ నింపడం మొదలు, గ్రాఫ్‌లో పదకొండు దాకా కొండలా ఉంది. సీసం బ్యాటరీలో పోసిందంతా తిరిగి రాదు, ఒక యూనిట్ వాడితే నింపడానికి 1.6, 1.7 యూనిట్లు పడుతోంది. 0.15 మిగిలించబోయి రోజుకి అర యూనిట్ పైన పారబోశా. వారం నుంచి రీడింగ్ పెరుగుతుంటే ఎండలు ముదిరాయి అనుకున్నా. చారాణా కోడికి బారాణా మసాలా.

టైమర్ తీసేశా. ఉగాది పచ్చడిలో చేదు నాకు కొంచెం ఎక్కువే తగిలింది ఈసారి.

ఏప్రిల్ 9

203.

మూడు యూనిట్లు! 1043.10 కట్టాలి, 200లో ఆగి ఉంటే 820. ఆ మూడు యూనిట్లు ఎక్కడివో నాకు బాగా తెలుసు, ఆరు రాత్రులు ఇంటూ అర యూనిట్. ఇంట్లో ఎవరికీ ఈ లెక్క చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నా.

ఏప్రిల్ 13

మీటర్ ముందు స్టాప్‌వాచ్‌తో నిలబడటం ఇక నావల్ల కాదు, ఎదురింటాయన రెండుసార్లు "ఏమైంది సార్, బిల్లు ఎక్కువొచ్చిందా" అని అడిగాడు. టిక్కుల్ని లెక్కపెట్టే మిషన్ చేద్దామని నోడ్ ఎంసీయూ బోర్డు (వైఫై ఉన్న బుల్లి కంప్యూటర్ లాంటిది) ఒకటి, ఎల్‌డీఆర్‌లు నాలుగు తెప్పించా. ఎల్‌డీఆర్ అంటే వెలుతురు పడితే రెసిస్టెన్స్ తగ్గే చిన్న బిళ్ల, పది రూపాయలు ఉంటుంది. దాన్ని టిక్కు లైటు మీద ఆనించి పెడితే లైటు కొట్టినప్పుడల్లా బోర్డు ఒకటి లెక్కేసుకుని వైఫైలో పంపిస్తుంది. బోర్డు, పాత ఫోన్ ఛార్జరు, తీగలు అన్నీ కలిపి 400 లోపే.

మీటర్ సీలు ముట్టుకోలేదు, అద్దం పైనుంచే అంటించా. ఐనా బాపుకి భయం. "కరెంటోళ్లు జూస్తే మీటర్‌కు ఏదో జేసిన్రు అని కేస్ రాస్తరు బిడ్డా, మనకెందుకు." అందుకే బిల్లు తీసే రోజు పీకేసి పెట్టాలని ఒప్పందం.

ఏప్రిల్ 16

మొదటి రోజు లెక్క: 13.2. రెండో రోజు: 12.8. మీటర్ మాత్రం 6.6, 6.4 అంటోంది. ఒక్కో టిక్కుని రెండుసార్లు లెక్కేస్తోంది. ఒకసారి కొట్టాక వంద మిల్లీసెకన్లు కళ్లు మూసుకో అని ప్రోగ్రాంలో రాశా. ఇంట్లో అన్నీ కలిపి ఐదు కిలోవాట్లు లాగినా సెకనుకి నాలుగున్నర టిక్కులకు మించవు కాబట్టి వంద మిల్లీసెకన్లు మూసుకుంటే ఏదీ తప్పిపోదు.

మూడో రోజు 41 యూనిట్లు. వరండా పడమర ముఖం, సాయంత్రం నాలుగు దాటాక ఎండ నేరుగా మీటర్ మీద పడుతోంది, ముందున్న వేపకొమ్మ ఊగినప్పుడల్లా వెలుతురు, నీడ, వెలుతురు, నీడ, బోర్డు పిచ్చిగా లెక్కపెట్టుకుంటూ పోయింది. అమ్మ దగ్గర ఖాళీ బామ్ సీసా మూత అడిగి, దానికి నల్ల టేపు చుట్టి, మధ్యలో బొక్క పెట్టి ఎల్‌డీఆర్ అందులో దూర్చి అంటించా. ఇప్పుడు చీకట్లో కూర్చుని టిక్కు ఒక్కటే చూస్తుంది. ఇంట్లో ఇప్పటికీ దాన్ని బామ్ మిషన్ అంటున్నారు.

ఇంకో లోపం, కరెంట్ పోయి వస్తే లెక్క సున్నా నుంచి మొదలవుతోంది. పది నిమిషాలకొకసారి గూగుల్ షీట్‌లోకి పంపేలా మార్చా. ఇప్పుడు మీటర్‌కీ దీనికీ తేడా నూటికి ఒకటి కూడా లేదు.

ఏప్రిల్ 20

గంట గంట గ్రాఫ్ చూస్తుంటే ఇల్లు ఊపిరి పీల్చినట్టు కనిపిస్తోంది. పొద్దున ఆరుంపావుకి పెద్ద కొమ్ము, అది మోటరు, ఒక హెచ్‌పీ, 1.1 కిలోవాట్ దాకా లాగుతోంది, నలభై నిమిషాలు. ట్యాంక్ నిండటానికి పాతిక చాలు, మిగతా పదిహేను నిమిషాలు నీళ్లు పక్కింటి గోడ మీదికి. నిండగానే అరిచే అలారం 250కి పెట్టించా.

ఫ్రిజ్‌కి పది రూపాయల నోటు పరీక్ష చేశా, డోర్ మధ్య నోటు పెట్టి మూసి లాగితే కింది మూలలో ఈజీగా వచ్చేసింది. రబ్బరు సబ్బునీళ్లతో కడిగి, ఫ్రిజ్‌ని గోడకి జానెడు ముందుకు జరిపా. రోజుకి 1.4 ఉండేది 1.1 అయింది.

రాత్రి పదకొండు నుంచి పొద్దున ఐదు దాకా మాత్రం బల్లపరుపు గీత, 300 వాట్ల దగ్గర. మూడు ఫ్యాన్లు. ఒక్కోటి 72 వాట్లు, పదిహేనేళ్ల నాటివి.

ఏప్రిల్ 27

మూడు బీఎల్‌డీసీ ఫ్యాన్లు (తక్కువ కరెంట్ లాగే కొత్తరకం మోటర్‌వి) బిగించాం, ఒక్కోటి 2900. ఫుల్ స్పీడ్‌లో 30 వాట్లు. షాపతను "ఆరు నెలల్లో పైసలు తిరిగొస్తయ్ సార్" అన్నాడు, అది అబద్ధం, నా లెక్క ఇది: ఒక ఫ్యాన్ రోజుకి 14 గంటలు తిరిగితే 42 వాట్ల తేడా మీద నెలకు పదిహేడున్నర యూనిట్లు. ఎండాకాలంలో మేం ఎలాగూ 200 దాటతాం కాబట్టి యూనిట్‌కి 7.70 చొప్పున నెలకు 135, మామూలు నెలల్లో 4.80 చొప్పున 85. అంటే రెండేళ్ల పైమాట. కాకపోతే మూడు ఫ్యాన్లు కలిపి ఏ నెలైనా మమ్మల్ని 205 నుంచి 195కి దించితే ఆ ఒక్క నెలలోనే రెండొందల పైన మిగులుతుంది, అది ఏ కంపెనీ లెక్కలోనూ ఉండదు. రోజుకి మూడు గంటలు తిరిగే గెస్ట్ రూం ఫ్యాన్ మార్చలేదు, దాని డబ్బులు మన జీవితకాలంలో రావు.

పాత రెగ్యులేటర్లు తీసేసి డైరెక్ట్ చేయాల్సి వచ్చింది, వీటికి స్పీడ్ రిమోట్‌తోనే. అమ్మకి అస్సలు నచ్చలేదు. "స్విచ్ ఏస్తే తిరగాలె గని ఫ్యానుకు గూడ రిమోట్ ఏందిరా, అది యాడనో వోతది, నేను ఉక్కపోతల ఎతుక్కోవాల్నా?" మూడో రోజే పోయింది, పరుపు కింద దొరికింది. ఇప్పుడు రిమోట్‌ని తాడుతో మంచానికి కట్టాం, నోట్‌బుక్‌కి కట్టినట్టే.

మే 9

241. 1335.70. ఏసీ మొదలైంది మరి.

బిల్లు తీసే అబ్బాయి అనుకున్న టైమ్ కంటే ముందే వచ్చాడు, బామ్ మిషన్ పీకడం మర్చిపోయాం. బాపు గేటు దగ్గరే బిగుసుకుపోయాడు. ఆ అబ్బాయి మూత వైపు చూసి "ఏంది సార్ ఇది" అన్నాడు. చెప్పా. ఫోన్‌లో గ్రాఫ్ చూపించా. "మా ఇంట్ల గూడ పెట్టరాదు సార్, మాకు 230 ఒస్తుంది" అన్నాడు. ఆయన పోయాక బాపు రెండు గ్లాసుల మజ్జిగ తాగాడు.

మే 18

వరంగల్ ఎండల్లో 200 లోపు అనేది కల, వదిలేశా. 200 ఎలాగూ దాటాక ఇక 300 దగ్గర ఆ దూకుడు లేదు, రేటు 7.70 నుంచి 9 అవుతుంది అంతే, కాబట్టి పంతాలకి పోయి పెద్దవాళ్లని ఉక్కపోతలో పడుకోబెట్టే పని లేదు. ఏసీ ఎట్లా వాడాలి అనేదే మిగిలింది.

ఏసీని స్మార్ట్ ప్లగ్‌లో పెట్టి చూశా, ఒకటిన్నర టన్ను, త్రీ స్టార్ ఇన్వర్టర్. 22లో ఎనిమిది గంటలకి 6.2 యూనిట్లు. 26లో పెట్టి కొత్త ఫ్యాన్ రెండో స్పీడ్‌లో వేస్తే 4.4. రెండు రాత్రుల బయటి వేడి ఒకటి కాదు కాబట్టి ఇది పక్కా ప్రయోగం అనలేను, కానీ ఒక డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా మిగులుతుందని బీఈఈ (కరెంట్ పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్లు చెప్పేదానికి దగ్గరగానే ఉంది. 2020 నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24లో వచ్చేది కూడా వాళ్ల రూలే. మా ఆవిడ 26కి ఒప్పుకోలేదు, నేను 24కి ఒప్పుకోలేదు, 25లో నడుస్తోంది సంసారం.

ఈ నెలలో కనీసం నలుగురు సోలార్ పెట్టించు అన్నారు, కేంద్రం సోలార్ పథకం సూర్యఘర్‌లో మూడు కిలోవాట్లకి 78,000 సబ్సిడీ ఉంది కదా అని. ఉంది, కానీ మా డాబా మీద సగం ట్యాంకు, సగం వేపచెట్టు నీడ. చెట్టు కొట్టే మాట బాపు ముందు ఎత్తే ధైర్యం నాకు లేదు.

జూన్ 9

287. 1689.90. పోయిన ఏడాది ఇదే నెల 352 వచ్చింది, అప్పుడు 2258. ఎండలు అప్పటికీ ఇప్పటికీ ఒకటి కావు కాబట్టి మొత్తం నా ఘనతే అని చెప్పను, కానీ 568 రూపాయలు.

జూలై 6, ఆదివారం

వానలు పడ్డాయి, మళ్లీ 200 ఆట మొదలైంది. రీడింగ్ ఇంకా మూడు రోజుల్లో, ఇవాళ్టికి 176. రోజుకి ఆరున్నర కాలితే 195 అవుతుంది, రాత్రి ఏసీ వేస్తే దాటిపోతుంది. ఈసారి నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు, బాపే సాయంత్రం కుర్చీ వేసుకుని మీటర్ ముందు కూర్చున్నాడు, ఏసీ రిమోట్ ఆయన జేబులో ఉంది. "మూడు దినాలు ఓర్సుకోండ్రి" అన్నాడు.

జూలై 9

193. 786.40.

బాపు చీటీ మీద తేదీ వేసి ఫైల్లో పెట్టి, 171 చీటీ తీసి పక్కన పెట్టి చూశాడు. "అప్పటికి ఇంక గాలె" అన్నాడు. అది ఫిబ్రవరి బాపూ, ఇది జూలై అంటే వినలేదు.

పైన అక్క కూడా వాళ్ల మీటర్ చూడమంది, ఎండాకాలంలో రెండు నెలలు 200 దాటి మొత్తం బిల్లు కట్టాల్సి వచ్చిందట, జీరో బిల్లు వాళ్లకి 201 అంటే మాకంటే పెద్ద దెబ్బ. వాళ్లింట్లో అన్నీ ఆపించి లెక్కపెడితే పాతిక సెకన్లు, 45 వాట్లు, వాళ్లకి ఇన్వర్టర్ కూడా లేదు.

మా ఇంటిది ఇప్పుడు 17 సెకన్లు, 66 వాట్లు. అందులో ఇన్వర్టర్ 31, సెట్ టాప్ బాక్స్ 11, రౌటర్ 9, మైక్రోవేవ్ గడియారం, టీవీ, బామ్ మిషన్ అన్నీ కలిపి 5. ఇంకా పది వాట్లు ఎక్కడివో దొరకలేదు. కాలింగ్ బెల్ మీద అనుమానంగా ఉంది, ఆదివారం విప్పి చూడాలి.